పులస పులుసు పడ్డ లెదర్ సోఫా: ఒక కేసు పూర్తి వివరాలు

లెదర్ సోఫా మీద కూర ఒలికిందని ఫోన్ వస్తే, ఇప్పటిదాకా దాని మీద ఏమేం రాశారని ముందు అడుగుతాను. ఏ కూరో ఆ తర్వాత. ఈ కేసును వివరంగా రాయడానికి కారణం కూడా అదే. పులుసు చేసిన నష్టం కొంతే, దాన్ని పోగొట్టబోయి చేసిన నష్టం చాలా ఉంది. ఏది దేని వల్ల వచ్చిందో విడదీసుకున్నాకే పని కదిలింది. ఇంటివాళ్ళకు చెప్పే రాస్తున్నాను. ఊరు, పేర్లు, గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

ఇల్లు, సోఫా, పులుసు

పశ్చిమ డెల్టాలో, భీమవరం చుట్టుపక్కల ఒక ఊరు. రొయ్యల చెరువులున్న కుటుంబం. లేత గోధుమ రంగు మూడు సీట్ల సోఫా, దిగుమతి సరుకు. ఇల్లు కట్టినప్పుడు విదేశంలో ఉన్న అబ్బాయి కొనిపెట్టాడు. అది ఏ రకం లెదరో, దేంతో తుడవాలో రాసి ఉండే కార్డు ఒకటి సోఫాతో పాటు వస్తుంది. అది ఎప్పుడో పోయింది. నేను వెళ్ళే ఇళ్ళలో ఆ కార్డు దాచుకున్నవాళ్ళు అరుదు.

గోదావరికి ఎర్రనీరు వచ్చి, ఇలస సముద్రం నుంచి నదిలోకి ఎదురీది పులసయ్యే కాలం. హైదరాబాద్ నుంచి చుట్టాలొచ్చారు. పులస పులుసు ముందు రోజే వండి, మర్నాడు తినడం ఇక్కడి పద్ధతి కదా, అలాగే వండి ఉంచారు. టేబుల్ దగ్గర చోటు చాలక కొందరు ప్లేట్లు పట్టుకుని సోఫాలో కూర్చున్నారు. వడ్డించే గిన్నె ఒరిగింది. పుస్తెలమ్మి తినాలన్న పులుసు సోఫా తాగింది.

తినేవాళ్ళకు అది ఒక కూర, నా పనిలో నాలుగు మరకలు. నూనె, చేప కొవ్వు, చివర్లో వేసే వెన్న కలిసి జిడ్డు. పసుపు, కారం రంగు. చింతపండు పులుపు. ఇక వాసన. పసుపులోని కర్క్యుమిన్, ఎండుమిర్చిలోని ఎరుపు, రెండూ నూనెలో కరుగుతాయి, నీళ్ళలో కరగవనే చెప్పాలి. కాబట్టి నూనె ఎంత లోతుకు ఇంకితే రంగూ అంత లోతుకు వెళ్తుంది. ఈ సంగతి తర్వాత పని వరస తేల్చడానికి పనికొచ్చింది.

మేం వెళ్ళేలోపు జరిగినవి

ఫోన్ వచ్చింది వారం దాటాక. "సోఫా మీద రక్తం మరకలా అయిపోయిందండి" అన్నారు. వెళ్ళి చూస్తే ఎడమ చివరి సీటు మీద, ముందు అంచు కుట్టు దాకా, అరచేతి కన్నా పెద్ద మచ్చ. మధ్యలో ఇటుక ఎరుపు, అంచుల్లో పసుపు, చుట్టూ ముదురు గోధుమ వలయం, వీటన్నిటి మీదా ఒక నిగనిగ. ఒక్క కూర ఇన్ని రంగులు వేయదు. కూర్చుని, మొదటి నుంచి ఎవరు ఏం చేశారో వరసగా చెప్పమన్నాను. ఎవరినీ తప్పు పట్టడానికి కాదని ముందే చెప్పాలి, లేకపోతే సగం దాచేస్తారు.

ఒలికిన వెంటనే తడిగుడ్డతో గట్టిగా తుడిచారట. మరక వెడల్పయింది. సాయంత్రం గిన్నెలు తోమే సబ్బు బిళ్ళను నీళ్ళలో కలిపి, ఆకుపచ్చ స్క్రబ్బర్‌తో రుద్దారు. పసుపు కాస్తా ఎర్రబడింది. కంగారుపడి నిమ్మకాయ పిండితే మళ్ళీ పసుపైంది. తర్వాత ఏదో వీడియో చూసి వంటసోడా పేస్టు పట్టించారు, మళ్ళీ ఎరుపు. లెదర్ బిరుసెక్కిందని మామ్మగారు కొబ్బరినూనె రాశారు. చివరికి కార్లు కడిగే కుర్రాడెవరో వచ్చి డ్యాష్‌బోర్డ్ పాలిష్ కొట్టి వెళ్ళాడు. ఆ నిగనిగ అదన్నమాట.

"ఆయ్, తోలు చెప్పులకి ఆముదమో కొబ్బరినూనో రాస్తే మెత్తబడతాయి కదా బాబూ" అన్నారు మామ్మగారు. ఆవిడ మాట తీసిపారేయలేం. పూత లేని మోటు చెప్పుల తోలుకు నూనె పనికొస్తుంది. సోఫా లెదర్‌కు పైన సన్నని పూత ఉంటుంది. ఆ పూత చెడిన చోట నూనె పెడితే అది లోపల చేరి రంగు ముదిరిపోతుంది, పైగా దుమ్మును పట్టి ఉంచుతుంది.

ఎరుపు సంగతి ఇంట్లో అందరికీ తెలిసిందే, సోఫా మీద చూసేసరికి తట్టలేదంతే. పసుపులో సున్నం కలిపితే పారాణి. దిష్టి తీసే ఎర్రనీళ్ళూ అవే. సబ్బు, వంటసోడా ఇక్కడ సున్నం చేసే పనే చేశాయి. క్షారం తగిలితే కర్క్యుమిన్ ఎర్రబడుతుంది, పులుపు తగిలితే పసుపుకు తిరుగుతుంది. మొదట్లో మరక పసుపుగానే ఉండటానికి పులుసులోని చింతపండే కారణం. లెదర్ కాలిపోలేదు, ఇది కొత్త మరకా కాదు అనగానే వాళ్ళ టెన్షన్ సగం దిగింది. నాకు మాత్రం ఆ ఎరుపు వల్ల ఇంకో విషయం తెలిసింది: లెదర్‌లో క్షారం ఇంకా మిగిలే ఉంది. క్రోమ్ టానింగ్ చేసిన, అంటే క్రోమియం లవణాలతో పదును చేసిన లెదర్ స్వభావం పులుపు వైపు, పీహెచ్ (పులుపు, క్షారాల కొలత) 4, 5 మధ్య ఉంటుంది. గిన్నెల సబ్బు బిళ్ళ పీహెచ్ 10కి అటూ ఇటూ. ఆ క్షారాన్ని అలాగే వదిలేస్తే రంగు పోయినా లెదర్ బిరుసెక్కి పగలడం ఖాయం.

అసలు అది ఏ లెదర్

సోఫాను వెనక్కి వాల్చి, అడుగున కొట్టి ఉండే నల్ల గుడ్డకు ఒక మూల స్టేపుల్స్ పీకాం. లెదర్‌ను కోసిన అంచు చూడాలంటే అదే చోటు. సీటు వైపు అంచు పీచు పీచుగా రేగి ఉంది, అంటే అసలు తోలే. పక్క ప్యానెల్ అంచులో మాత్రం కింద నేత గుడ్డ, దాని మీద ప్లాస్టిక్ పొర. రెక్సిన్ కుటుంబమే, వ్యాపారంలో పీయూ అంటారు. ఒళ్ళు ఆనే చోట లెదర్, బయటి పక్కలకు దాన్ని పోలిన పీయూ వేయడం ఈ సరుకులో మామూలే. మామూలే గానీ కొన్నవాళ్ళకు ఎవరూ చెప్పరు. అబ్బాయికి వీడియో కాల్‌లో చూపించారు. కాసేపు మరక మాట పక్కకు పోయి, ధర మాట నడిచింది.

ఆ పక్క ప్యానెల్ మీద పడ్డ తుంపర్లు బేబీ షాంపూ చుక్క కలిపిన నీళ్ళతో అప్పటికప్పుడే పోయాయి. లెదర్‌కి ఆ సుఖం లేదు.

సీటు కుషన్ వెనక, పైకి కనపడని చోట ఆర్వో నీళ్ళ చుక్క ఒకటి పెట్టాను. ఆర్వో ఎందుకంటే, డెల్టాలో చాలా ఊళ్ళలో బోరు నీరు ఉప్పన, ఆరాక తెల్లచార మిగులుతుంది. పైన మందంగా రంగుపూత ఉన్న లెదర్ అయితే చుక్క గుండ్రంగా నిలిచి ఉంటుంది. పూత లేని అనిలీన్ లెదర్ అయితే చూస్తుండగానే పీల్చుకుని నల్లబడుతుంది. ఇక్కడ చుక్క కొన్ని నిమిషాలు నిలిచి, మెల్లగా ఇంకి, ఆరాక జాడ లేకుండా పోయింది. భూతద్దంలో రోమాల గుంటలు అక్కడక్కడా కనిపిస్తున్నాయి. సెమీ అనిలీన్ అని తేలింది: రంగు తోలులోకే పట్టించి, పైన పలచని పూత వేసిన రకం.

అదే చుక్కను స్క్రబ్బర్ తిరిగిన చోట పెట్టాను. పెట్టినంతసేపు పట్టలేదు, ఇంకిపోయింది. అంటే అక్కడ పూత లేదు. ఇక ఆ జాగాలో నేనేం వేసినా, మందైనా నీళ్ళైనా, తిన్నగా తోలులోకి దిగుతుంది. తడి పని వీలైనంత తగ్గించాలని, రుద్దడమన్నదే ఉండకూడదని అప్పుడే నిర్ణయించుకున్నాను.

ఏది ముందు

పైన సిలికాన్ పాలిష్. కింద రెండు రకాల నూనె. నూనెలో రంగు. తోలులో క్షారం. ఇంటివాళ్ళ కళ్ళకు కనిపించేది రంగు, కాబట్టి ముందు రంగు తీయమంటారు. రంగు నూనెలో కూర్చుని ఉన్నంతసేపు నీళ్ళతో చేసే ఏ పనీ దాన్ని అందుకోలేదు. క్షారాన్ని ముందు సరిచేద్దామంటే పులుపు నీళ్ళు కూడా జిడ్డును దాటి లోపలికి సరిగా వెళ్ళవు. అందుకని ముందు జిడ్డు, తర్వాత క్షారం, ఆఖరున రంగు అనుకున్నాం.

మొదట టాల్కం పౌడర్ మందంగా చల్లి రాత్రంతా ఉంచాం. ఒలికిన పూటే అయితే ఇదే బ్రహ్మాండమైన మందు. ఇక్కడ పొద్దున్న చూస్తే పౌడర్ అడుగున కాస్త పసుపు తప్ప ఏమీ లేదు. పెద్దగా ఆశ పెట్టుకోలేదు కూడా. నూనె పైపైన ఉందా, లోతుకు దిగిందా అన్నది ఖర్చు లేకుండా తెలుస్తుందని చేశాను. లోతుకే దిగింది.

తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్. ఈ పనిలో చాలామంది చేయి ముందు దీని మీదకే పోతుంది. దాగిన చోట దూదితో అద్దితే దూదికి గోధుమ రంగు అంటింది. పూతనూ రంగునూ కదిలిస్తోందన్నమాట. అక్కడే మూతపెట్టేశాను. నెయిల్ పాలిష్ రిమూవర్ గురించి ఇంట్లో ఒకమ్మాయి అడిగింది. చాలావాటిలో అసిటోన్ ఉంటుంది, అది పూతను నేరుగా కరిగిస్తుంది. థిన్నర్‌ది కూడా అదే దారి.

పనిచేసింది పట్టు, అంటే మరక మీద ముద్దలా పట్టించి ఎండాక దులిపేసే పూత. లెదర్ జిడ్డు తీయడానికి దొరికే పెట్రోలియం జాతి సాల్వెంట్‌ను మెత్తటి సుద్దపొడిలో కలిపి, ఇడ్లీపిండి కన్నా గట్టిగా చేసి, మరకను దాటి రెండంగుళాలు అదనంగా పట్టించాం. దాగిన చోట దీన్నీ ముందే చూసుకున్నాం, రంగు కదల్లేదు. అంచు దాటించకపోతే మరక పోయి దాని చుట్టూ వలయం మిగులుతుంది. పైన కాసేపు పాలిథిన్ కప్పాలి. అప్పుడు సాల్వెంట్ ఆవిరి కాకుండా లోపలికి దిగి నూనెను కరిగిస్తుంది. తర్వాత పాలిథిన్ తీసేస్తే సాల్వెంట్ సుద్ద గుండా పైకి ఎగిరిపోతూ నూనెను వెంట తెస్తుంది. నూనె ఎగిరేది కాదు కాబట్టి సుద్దలోనే ఉండిపోతుంది. ఎండిన పొడిని మెత్తటి కుంచెతో దులిపి, కొత్త పట్టు వేయాలి. మొదటి పట్టు ముద్దగా, పసుపుగా, చేప వాసనతో ఊడివచ్చింది. పాలిష్ నిగనిగ కూడా చాలావరకు దానితోనే పోయింది. తర్వాతవి తేలుతూ వచ్చాయి. పొడి తెల్లగా రాలేదాకా వేస్తూ పోయాం.

ఇది ఏసీ గదిలో చేయలేదు. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలవుతుంది. చల్లటి గదిలో పట్టు వేస్తే గడ్డకట్టిన నూనెను లాగబోయినట్టే. పైగా సాల్వెంట్ ఆవిరికి గాలి ఆడాలి, నిప్పు అంటకూడదు. కుషన్ విడిగా ఊడివచ్చే రకం కాబట్టి వరండాలో పెట్టుకున్నాం. అయితే ఆ ఆవిరి గాలి కన్నా బరువైనది, నేలబారున పాకుతుంది. గాలేమో ఇంట్లోకి కొడుతోంది. హాల్లోకి తెరుచుకునే పూజగదిలో శ్రావణ శుక్రవారం దీపం. ఆర్పమనడం కుదరని పని. "కొండెక్కేదాకా ఆగండి బాబూ, మీకు ఈలోపు టిఫిన్ పెడతారు" అన్నారు మామ్మగారు. ఆగాం. పెసరట్టు బాగుంది.

క్షారం, తర్వాత రంగు

జిడ్డు వదిలాక మచ్చ పలచబడింది గానీ ఎరుపు ఎరుపే. గ్లాసు ఆర్వో నీళ్ళలో ఒక చెంచా తెల్ల వెనిగర్ కలిపి, అందులో ముంచిన గుడ్డను పిడిచి, దాదాపు పొడి అయ్యాక అద్దాను. మచ్చ వరకే అద్దితే అంచు పడుతుంది, అందుకని కుట్టు నుంచి కుట్టు దాకా సీటు మొత్తం. కళ్ళముందే ఎరుపు పోయి పసుపు వచ్చింది. ఇంటివాళ్ళు నిరుత్సాహపడ్డారు, నాకు కావలసింది అదే. ఎక్కడా ఎరుపు లేదంటే క్షారం చల్లారినట్టు. శ్రావణమాసం తేమకు లెదర్ తడిగా ఉంటే బూజు పట్టేస్తుంది కాబట్టి, ఈసారి ఏసీ గదిలోనే డ్రై మోడ్ పెట్టి ఆరనిచ్చాం.

మిగిలిన పసుపును ఏం చేయాలన్న దాని మీదే ఎక్కువ ఆలోచించాను. బట్టల బ్లీచ్ మాట ఎత్తకూడదు, తోలునే తినేస్తుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ 3 శాతంది దగ్గర ఉంది. పూత బాగున్న లెదర్ మీద అయితే దాగిన చోట ఒకసారి ప్రయత్నించి చూసేవాణ్ణి. ఇక్కడ పూత లేని జాగా, కర్క్యుమిన్‌తో పాటు సోఫా రంగూ పోతుంది, అప్పుడు పసుపు మచ్చ బదులు తెల్ల మచ్చ. వద్దనుకున్నాను.

వెలుగు మిగిలింది. పసుపు రాసిన పెళ్ళిబట్టలు ఎండకు వెలిసిపోవడం అందరూ చూసిందే. కర్క్యుమిన్ ఎక్కువగా పీల్చుకునేది 425 నానోమీటర్ల దగ్గరి నీలి, ఊదా వెలుగును. అది విరగడానికి ఆ వెలుగు చాలు, ఎండ వేడి అక్కర్లేదు. లెదర్‌కు చేటు చేసేదేమో వేడే. కాబట్టి నేరుగా ఎండలో పెట్టకుండా కిటికీ అద్దం వెనక పెట్టి, నల్ల చార్టుకు మచ్చ ఆకారంలో రంధ్రం కోసి కప్పాం. మిగతా సీటు రంగు వెలవకుండా పైన దళసరి దుప్పటి.

కొన్ని రోజులు ఏ మార్పూ లేదు. రోజూ ఒకే వేళకు, పక్కన తెల్లకాగితం పెట్టి ఫొటో తీసి వాట్సాప్‌లో పంపమన్నాను. తెల్లకాగితం లేకపోతే ఫోన్ కెమెరా రంగుల్ని తన ఇష్టం వచ్చినట్టు మార్చేస్తుంది. ఆ ఫొటోల్లో తెల్లకాగితమే గోధుమగా కనిపించడంతో అసలు సంగతి దొరికింది. హాలు కిటికీకి గోధుమ రంగు అద్దం ఉంది. మనకు కావలసిన నీలి వెలుగునే అది ఆపేస్తోంది. మబ్బులని సరిపెట్టుకుని ఉంటే ఇంకెన్ని రోజులు పోయేవో. మేడమీద గదిలో మామూలు తెల్ల అద్దం కిటికీ ఉందన్నారు. కుషన్ అక్కడికి మార్చాక పసుపు తగ్గడం ఫొటోల్లోనే తెలిసింది. కారం ఎరుపు కూడా వెలుగుకు నిలిచేది కాదు, దానితోపాటే తేలిపోయింది.

వాసన

లెదర్ శుభ్రపడుతున్నా సీట్లో కూర్చుంటే చేప వాసన తగులుతూనే ఉంది. జిప్ తీసి చూస్తే, పులుసు కుట్టు రంధ్రాల గుండా దిగి లోపలి దూది పొరను, ఫోమ్ మూలను తడిపింది. కొత్త ఫోమ్ వేసేద్దామన్నారు. అయితే ఏళ్ళ తరబడి కూర్చుని అణిగిన రెండు సీట్ల పక్కన కొత్తది ఎత్తుగా నిలుస్తుంది, లెదర్ తొడుగు బిగుసుకుని కుట్టు మీద బరువు పడుతుంది. దూది పొర ఒక్కటి కొత్తది వేశాం. ఫోమ్ మూలను షాంపూ నీళ్ళతో పిండి, వెనిగర్ నీళ్ళతో జాడించి, ఫ్యాను కింద బాగా ఆరేదాకా ఉంచాం. చేప వాసనకు కారణమైన అమైన్లు క్షార స్వభావం కలవి, పులుపు వాటిని అణుస్తుంది. వంటింట్లో చేపను ఉప్పు, నిమ్మరసం పట్టించి కడగడంలో ఉన్న కిటుకూ అదే. జిప్ ఉంది కదా అని లెదర్ తొడుగును ఊడదీసి ఉతకబోయిన ఇళ్ళు చూశాను. తొడుగు కుంచించుకుపోతే మళ్ళీ ఎక్కదు.

ఎక్కడ ఆపాం

ముందు అంచు కుట్టు దారంలో సన్నని పసుపు గీత మిగిలింది. అది పోవాలంటే కుట్టు విప్పి పాత రంధ్రాల్లోనే మళ్ళీ కుట్టాలి. సబ్బు తాగిన లెదర్ ఆ రంధ్రాల దగ్గర చిరిగితే ప్యానెలే మార్చాలి. వదిలేశాం. స్క్రబ్బర్ తిరిగిన చోట రంగు సరిపోయింది గానీ మెరుపు చచ్చింది. కొత్తదానిలా కావాలంటే సీటంతా రంగుపూత వేయించమని అబ్బాయి ఫోన్‌లో పట్టుబట్టాడు. వేయొచ్చు. వేస్తే ఆ ఒక్క సీటు చేతికి ప్లాస్టిక్‌లా తగులుతుంది, మిగతా రెండూ మెత్తగా ఉంటాయి. పైగా కార్ పాలిష్‌లోని సిలికాన్ ఏ కాస్త మిగిలినా పూత పట్టక పొరలుగా లేస్తుంది. నా సలహా వద్దనే. రోజూ కూర్చునేవాళ్ళు మామ్మగారు, ఆవిడకూ అక్కర్లేదు. నీళ్ళ ఆధారమైన లెదర్ ప్రొటెక్టర్, మెరుపు లేనిది, పలచగా వేసి ముగించాం.

ఈ కేసు తర్వాత నా పద్ధతిలో కొన్ని మారాయి. నీటిచుక్క పరీక్ష మంచి చోట ఒకటి, చెడిన చోట ఒకటి చేయకుండా ఏ సీసా మూతా తీయను. వెలుగుతో పని ఉంటే కిటికీ అద్దం రంగు ముందే అడుగుతాను. కూర ఒలికిన వెంటనే ఫోన్ చేసేవాళ్ళకు చెప్పేది చిన్నదే: చెంచాతో ఎత్తండి, పొడి టిష్యూతో అంచు నుంచి మధ్యకు అద్దండి, టాల్కం చల్లి వదిలేయండి. సబ్బు, సోడా, నిమ్మకాయ, నూనె ఏవీ వద్దు. ముఖ్యంగా స్క్రబ్బర్ దాచేయండి. పసుపు మిగిలినా ఫరవాలేదు, దాని సంగతి వెలుగు చూసుకుంటుంది. పోయిన పూతను మాత్రం ఏ వెలుగూ తేలేదు.

మరుసటి వేసవిలో వేరే పని మీద ఆ ఇంటికి వెళ్ళాను. కుట్టులో గీత అలాగే ఉంది, సీటు మీద పక్కనుంచి చూస్తే మెరుపు లేని జాగా తెలుస్తుంది. లెదర్ మెత్తగానే ఉంది, బూజు లేదు. అప్పుడు ఇట్టే శుభ్రపడిన పక్క ప్యానెల్ మాత్రం అంచుల్లో పొట్టు లేస్తోంది. తేమకు పీయూ పొర లోపల్లోపలే విరిగిపోతుంది, దానికి క్లీనింగ్ అంటూ ఏమీ లేదు. ఆ ప్యానెల్ మార్పించుకోమని, సోఫాలు కుట్టే ఒకాయన నంబర్ ఇచ్చి వచ్చాను.